కొట్టకుండా వదిలిన చెట్టు

పుట్టి వారం తిరక్కముందే పోయిన ఎలీసమ్మ బిడ్డకు ఏటొడ్డుపాలెంలో మూరెడు నేల దొరకలేదు. ఊళ్ళో సమాధుల దొడ్లు రెండున్నాయి. క్రైస్తవులది ఒకటి, సాయిబులది ఒకటి. రెంటికీ గోడలున్నాయి, రెంటికీ పెద్దలున్నారు. ఆ గోడలు కట్టినప్పుడు రాళ్ళు మోసినవాళ్ళలో ఎలీసమ్మ తల్లి ఉంది, ఆమె మొగుడు బుడాన్ తండ్రి ఉన్నాడు. ఆ సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు.

క్రైస్తవుల దొడ్డికి పెద్ద క్రీస్తుదాసు. పరాయివాడు కాదు, ఎలీసమ్మ తండ్రికి సొంత తమ్ముడు. బిడ్డ పోయిన పొద్దున బుడాన్ వెళ్ళి చర్చి అరుగు కింద నిలబడితే, ఆయన అరుగు మీద నుంచే మాట్లాడాడు.

"బాప్తిస్మం అయిందా?"

"ఇంకా పురుడే తియ్యలేదండీ."

"మీ పెళ్ళికి పాస్టరుగారు ప్రార్థన చేశారా?"

వాళ్ళ పెళ్ళికి ఎవరూ ఏ ప్రార్థనా చెయ్యలేదు. ఒంగోలు పారిపోయి, పది నెలలు అక్కడ కూలి చేసుకుని బతికి, కడుపుతో తిరిగొచ్చారు. అదే పెళ్ళి.

"మరి ఏమని పెట్టమంటావు మా దొడ్లో? పోయి మీ వాళ్ళనడుగు."

మసీదు పెద్ద మాబు సాహెబ్ కాస్త మెత్తనివాడు. బుడాన్‌ను అరుగెక్కించి కూర్చోబెట్టాడు. మంచినీళ్ళిచ్చాడు. "నిఖా లేని కడుపు గదరా బుడాన్. నేను ఒప్పుకుంటే రేపు నలుగురూ నన్ను నిలదీస్తారు. ఆ పిల్ల వాళ్ళనే అడగరాదూ" అన్నాడు. మెత్తగా చెప్పినా గట్టిగా చెప్పినా, వచ్చిన దారినే తిప్పి పంపడంలో రెండు అరుగులకూ తేడా లేకపోయింది.

పొద్దు వాలుతుండగా బుడాన్ బిడ్డను పాత దుప్పటి ముక్కలో చుట్టుకుని, గునపం భుజానేసుకుని ఒక్కడే గుండ్లకమ్మ వైపు నడిచాడు. ఎలీసమ్మ నులకమంచం మీద నుంచి చూస్తూ ఉండిపోయింది. బాలింత గడప దాటకూడదు. పసిబిడ్డను పెట్టిన చోటు తల్లికి చూపించకూడదు కూడా. చూపిస్తే రోజూ పోయి అక్కడే కూలబడుతుందని, మళ్ళీ కడుపు పండదని ఆ వైపు నమ్మకం. మిగతా అన్నింట్లో ఎడమొహం పెడమొహంగా ఉండే వాడలన్నీ ఆ ఒక్క ఆచారం దగ్గర మాత్రం ఒకటే.

బుడాన్ తిరిగొచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుని గుమ్మంలో కూర్చున్నాడు. ముంజేతుల నిండా ముళ్ళ గీతలు.

"యాడ పెట్టావు?" అంది ఎలీసమ్మ.

"ఏటి కాడ."

"ఏటి కాడ యాడ?"

"నక్కలు తియ్యవులే. కంప గట్టిగా వేసొచ్చా."

అంతే. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు కలిసి బతికారు గానీ ఆ మాట మళ్ళీ ఇద్దరి మధ్యా రాలేదు.

బుడాన్ దూదేకులవాడు. చలికాలం వస్తే భుజాన ఏకుడు విల్లు వేసుకుని, ఊరూరా తిరిగి పరుపులకూ బొంతలకూ దూది ఏకేవాడు. పాస్టరుగారింట్లో పరుపు కుట్టడానికి వచ్చినప్పుడే ఎలీసమ్మ అతన్ని చూసింది. ఇంటిముందు పందిట్లో కూర్చుని విల్లు మోగిస్తుంటే వాడలో పిల్లలంతా చుట్టూ మూగారు. ఎగిరే దూది మధ్య అతని కనుబొమలు తెల్లబడి, ముసలాడిలా కనిపించాడు. మొహం కడుక్కుని వచ్చేసరికి కుర్రాడు. ఎలీసమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకు ఎంత ఖరీదు పడుతుందో అప్పుడు తెలియదు.

తర్వాత అద్దంకిలో ఏకే మిషను వచ్చింది. జనం పాత పరుపుల్ని బస్సు మీదేసుకుని అక్కడికే మోసుకెళ్ళారు. విల్లు అటకెక్కింది. చుట్టూ నల్లరేగడి చేలలో పత్తి తెల్లగా విరగకాస్తుంటే, తాతల నాటి నుంచి పత్తితోనే బతికినవాడికి పత్తిలో పని లేకుండా పోయింది. అప్పుడు బుడాన్ కంప మీద పడ్డాడు.

గుండ్లకమ్మ ఒడ్డంతా సర్కారుతుమ్మ. ఎప్పుడో పూర్వం వంటచెరకు కోసమని గవర్నమెంటు విత్తనాలు చల్లించిందంటారు. అందుకే ఆ పేరు. చల్లింది ఒకచోట, మొలిచింది ఊళ్ళన్నింటా. దాని కింద గడ్డి మొలవదు. ముల్లు గుచ్చుకుంటే ఎద్దు కాలు చీము పడుతుంది. రైతులు దాన్ని తిట్టని రోజు లేదు. అయితే కొట్టేకొద్దీ మొదట్లోంచి మళ్ళీ చిగురిస్తుంది కాబట్టి బొగ్గులవాడికి మాత్రం అది తరగని చేను. బుడాన్ ఒడ్డును మూడు చెక్కలుగా చేసుకుని, ఏడాదికొక చెక్క కొట్టేవాడు. పచ్చికట్టెను గుట్టగా పేర్చి, పైన ఆకూ మట్టీ కప్పి నిప్పు పెట్టేవాడు. బట్టీ రోజుల తరబడి లోలోపలే కాలేది. పొగ తెల్లగా వస్తే కాచుకుని కూర్చోవాలి. నీలంగా మారితే కన్నాలు మూసెయ్యాలి. బొగ్గులు ఇస్త్రీ బళ్ళవాళ్ళూ కమ్మరులూ కొనేవాళ్ళు. ఎలీసమ్మ గోతాలు నింపి మూతులు కుట్టేది.

ఆ పనిలోనే ఆమెకు ఒక సంగతి కంటబడింది. మొగుడు ఒడ్డంతా నరికాడు. మళ్ళీ ఎదిగితే మళ్ళీ నరికాడు. రేవుకు ఎగువన, నీళ్ళకు కాస్త ఎడంగా ఉన్న ఒక్క చెట్టు మాత్రం కొట్టలేదు. చుట్టూ పొదలు నడుమెత్తున తెగిపోతూ ఉంటే, అది ఒక్కటే మాను కట్టి పెరిగింది. కొడవలి దాని దాకా వచ్చి ఆగిపోయేది.

ఒకరోజు తనే గొడ్డలి ఎత్తబోయింది. "దాని జోలికి పోమాక" అన్నాడు బుడాన్. గొంతు పెంచలేదు. ఆమె చేతిలోంచి గొడ్డలి తీసుకుని అవతలి పొదకు నడిచాడు. తిరిగి చూడలేదు.

ఎలీసమ్మ ఏమీ అడగలేదు. అడిగితే ఆచారం తప్పించినట్టవుతుంది. అడగకుండా తెలిస్తే తప్పెవరిదీ కాదు. ఆ రోజు నుంచి అన్నం మూట ఆ చెట్టు కిందే విప్పేది. మొగుడు కూడా వచ్చి పక్కనే కూర్చుని తినేవాడు. మాట్లాడుకునేవాళ్ళు కాదు. మళ్ళీ కడుపు పండలేదు. దానికి కారణం చెట్టు కింద కూర్చోవడమేనని వాడలో ఎవరైనా అని ఉండేవాళ్ళు, వాళ్ళకు తెలిస్తే.

పచ్చపురుగు పత్తిని తినేసి, చేలకు చల్లాల్సిన మందు రైతులు తాగి పోయిన ఏడు బుడాన్ కూడా పోయాడు. అతనికి మందు అవసరం రాలేదు. చిన్నప్పటి దూది దుమ్ము కొంత, బొగ్గు పొగ కొంత, ఊపిరితిత్తుల్ని పంచుకున్నాయి. అప్పుడు మాబు సాహెబ్ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. బిడ్డకు లేని చోటు తండ్రికి ఉందట. స్నానం చేయించి, తెల్లగుడ్డ చుట్టి, భుజాల మీద మోసుకుపోయారు. ఎలీసమ్మ గోడ బయట నిలబడింది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. మొగుడు ఒక గోడ లోపల, తల్లీ తండ్రీ ఇంకో గోడ లోపల. ఆమెకు మిగిలింది ఆ చెట్టు. ఒంటరిగానే చిన్న చిన్న బట్టీలు పెట్టుకుంటూ, మధ్యాహ్నం పూట దాని మొదట్లో కూర్చుంటూ రోజులు వెళ్ళదీసింది.

రెండువేల ఒకటి దసరా సెలవుల్లో హైదరాబాదు నుంచి రెండు బస్సుల్లో కాలేజీ పిల్లలు వచ్చి, ఏటికి ఎదురుగా ఉన్న స్కూల్లో దిగారు. వాళ్ళను తీసుకొచ్చిన లెక్చరరు పేరు జయకుమారి. ఏదో పర్యావరణ సంఘం తరఫున, సెలవుల్లో ఊళ్ళకు పోయి ఏటి ఒడ్డున పరాయి మొక్కల్ని పీకి, దేశవాళీ చెట్లు నాటే కార్యక్రమం. స్కూలు గేటుకు "ఈ సెలవులు నదికి" అని బ్యానరు కట్టారు. తమ తిండి ఖర్చులు తామే కట్టుకుని వచ్చారని తెలిసి పాలెం నోరు తెరిచింది. ఎదురు డబ్బిచ్చి కంప కొట్టేవాళ్ళను అంతకు ముందెవరూ చూడలేదు.

ఊరి తరఫున అన్నీ చూసుకునేది క్రీస్తుదాసు. అప్పటికి ఆయన జుట్టు నెరిసింది, శ్రమదానం కమిటీలో పేరెక్కింది. వంటకు ఎవరినైనా చూడమంటే ఎలీసమ్మనూ వాడలోనే ఉండే వీరమ్మనూ కుదిర్చాడు. అన్న కూతురికి ఇన్నేళ్ళలో ఆయన చేసిన మేలు అదొక్కటే. ఆ మేలు కూడా ఎలాంటిదో మొదటిరోజే వీరమ్మ చెప్పేసింది.

"ఏమే ఎలీసా, నీ కూడు కొట్టేవాళ్ళకి నువ్వే కూడొండుతన్నావా?"

"కొట్టేదెట్టాగూ కొడతారు గదక్కా. వండితే కూలైనా వచ్చుద్ది."

"అదిగో ఆ పిల్లోణ్ణి చూడవే. చేతులకి తొడుగులు, నెత్తిన టోపీ, కాళ్ళకి బూట్లు. పెళ్ళికొడుకనుకో. ఇందాక ముల్లు గుచ్చుకుంటే మాత్రం మమ్మీ అని ఒకటే అరుపు."

ఎలీసమ్మ నవ్వింది. పిల్లలు చెడ్డవాళ్ళు కాదు. ఒకమ్మాయి తన కంచం తనే కడుక్కునేది, "అక్కా, మీ వంకాయ కూర సూపర్" అనేది. అరచేతులు బొబ్బలెక్కినా పొద్దున్నే పాటలు పాడుకుంటూ ఏటికి పోయేవాళ్ళు. వాళ్ళకు అది సెలవు. సెలవులో చేసే పని ఏదైనా పాట పాడుతూనే చెయ్యొచ్చు. తల్లివేళ్ళు పీకడం వాళ్ళ వల్ల కాలేదు. చీమకుర్తి రాళ్ళ క్వారీలో ఊరికే నిలబడి ఉన్న ఒక పొక్లెయిన్‌ను క్రీస్తుదాసే మాట్లాడి తెప్పించాడు. అది దిగాక ఒడ్డు రోజురోజుకూ బోడి కావడం మొదలైంది. బుడాన్ ఏళ్ళ తరబడి కొట్టినా చావని మొదళ్ళు వేళ్ళతో సహా పైకి లేచి, ఎండలో బోర్లా పడ్డాయి.

ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తుండగా జయకుమారి పిల్లలకు చెబుతోంది. "రేవుకు పైన ఉంది చూశారా పెద్దది, అది తల్లి చెట్టు. ఈ ఒడ్డంతా ఆ కాయల నుంచి వచ్చిందే అయ్యుండాలి. దాన్ని చివరి రోజు తీద్దాం. పత్రికలవాళ్ళను కూడా పిలిచాను."

ఎలీసమ్మ గరిటె సాంబారు బకెట్‌లో అలాగే ఉండిపోయింది.

"అక్కా, సాంబారు" అన్నాడు ముందున్న కుర్రాడు.

ఆ సాయంత్రం చర్చి దగ్గరికి వెళ్ళింది. క్రీస్తుదాసు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె కింద నిలబడింది, పూర్వం బుడాన్ నిలబడిన చోటే.

"చిన్నాన్నా, ఏటి కాడ పెద్ద చెట్టొకటుంది."

"ఊఁ. ఇంకో రెండ్రోజుల్లో అయిపోద్ది దాని పని."

"దాన్నొక్కదాన్నీ ఒదిలెయ్యమని చెప్పు. నీ మాటైతే మేడం వింటది."

"ఎందుకంట?"

"దాని కింద పిల్లోడున్నాడు."

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అటూ ఇటూ చూశాడు.

"బుడాన్ చెప్పాడా?"

"చెప్పలా. కొట్టకుండా ఒదిలాడు."

"అదేం సాక్ష్యమే? నీడకి ఒదిలుంటాడు."

"బట్టీ ముందు కూర్చునేవాడికి నీడెందుకు చిన్నాన్నా?"

క్రీస్తుదాసు గొంతు తగ్గించాడు. "ఇప్పుడా కథంతా ఎత్తితే ఆ మేడం ఏమడుగుద్ది? మీ దొడ్లో ఎందుకు పెట్టలేదంటది. అప్పుడు నేనేం చెప్పాలి?"

"జరిగిందే చెప్పు."

ఆయన చాలాసేపు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "సర్లే, చూస్తా. నువ్వు మాత్రం ఎవరి కాడా నోరు తెరవమాక."

చూస్తానన్న మాటను ఎలీసమ్మ నమ్మింది. మర్నాడు నీళ్ళకు పోయినప్పుడు చూస్తే చెట్టు మొదట్లో ఎర్రరంగు పట్టీ గీసి ఉంది. పొక్లెయిన్ తోలేవాడికి గుర్తు అది.

ఇక ఆమె తన బుర్రకు తోచింది చేసింది. బుడాన్ ఒకసారి పెదకాకాని దర్గాకు పోయినప్పుడు తెచ్చిన పచ్చగుడ్డ పెట్టెలో ఉంది. తెలవారుతుండగా బిందెలో పెట్టుకుని పోయి, దాన్ని చెట్టు మానుకు చుట్టి ముడేసింది. మొదట్లో రెండు ఊదొత్తులు గుచ్చింది. పాలెంలో పుట్టినవాళ్ళెవరైనా అలాగే ఆలోచించేవాళ్ళు. పీరు గుడ్డ కట్టిన చెట్టు మీద గొడ్డలి వెయ్యడానికి ఏ కులం వాడికీ చెయ్యి రాదక్కడ. ఎడ్లబండి కూడా చుట్టు తిరిగి పోతుంది. పీర్ల పండక్కి, హిందువుల్లో పెద్ద రైతు అంకయ్య తల్లి అంతటామె కూడా నిప్పుల గుండం పక్కన నీళ్ళ బిందెతో నిలబడుతుంది. క్రైస్తవురాలు పీరు గుడ్డ కట్టడం తప్పని ఎలీసమ్మకు తెలుసు. ఆ తప్పు చేసింది బిడ్డకు ఎవరూ అడ్డు చెప్పని చోటు ఒకటి సంపాదించడానికే.

మొదట అది పనిచేసింది. పిల్లలు వచ్చి గుడ్డ పక్కన నిలబడి ఫోటోలు దిగారు. జయకుమారి కూడా చూసి, "ఇది జనం నమ్మకం. దీన్ని వదిలేద్దాం. ఒక్క చెట్టుతో పోయేదేముంది" అంది. పిండి కలుపుతున్న ఎలీసమ్మ చెవిన ఆ మాట పడి, చేతులు తేలికైపోయాయి. ఆ పూట వండుతూ ఏదో కూనిరాగం తీసిందని వీరమ్మ తర్వాత చాలామందికి చెప్పింది.

ఆమెకు తెలియనిది ఒకటుంది. కంప ఉన్నన్నాళ్ళూ ఆ ఒడ్డు ఎవరిదీ కాదు. కంప పోయిన చోటల్లా గజం గజమూ ఎవరో ఒకరిది కావడం మొదలైంది. ఒడ్డుకు ఆనుకుని మిరపచేలున్న అంకయ్య అప్పటికే అడుగులేసి చూసుకున్నాడు, కాయ ఎండబోసుకోవడానికి కళ్ళం ఎక్కడ దాకా వస్తుందో. భోజనాల వేళకు అతను మనుషుల్ని వెంటేసుకుని వచ్చాడు.

"ఏందయ్యా ఇది? నిన్న లేని పీరు ఇవాళ యాణ్ణుంచొచ్చాడు? ఇవాళ గుడ్డ కడతారు. రేపు జెండా పాతుతారు. ఎల్లుండి గోడ లేస్తది. అప్పుడు తియ్యగలిగే మగాడెవడు?"

మాబు సాహెబ్‌ను పిలిపించారు. ముసలాయన చెట్టును చూసి, అంకయ్య వెనకున్న జనాన్ని చూశాడు. "మాకేం తెలవదు బాబూ. అక్కడ మా పీరెవరూ లేరు. మావాళ్ళెవరూ కట్టలేదు. తీసెయ్యండి" అన్నాడు.

"మరెవరు కట్టారు?"

క్రీస్తుదాసు కళ్ళు స్కూలు వరండా వైపు పోయాయి. ఎలీసమ్మ చేతిలో గరిటెతోనే అందరి మధ్యకూ వచ్చింది.

"నేనే కట్టా. పీరూ లేడు, దేవుడూ లేడు. దాని కింద నా బిడ్డున్నాడు."

అంకయ్యే ముందు తేరుకున్నాడు. "ఏ బిడ్డ? నీకు బిడ్డెక్కడిదే? ఏమయ్యా దాసూ, నీ అన్న కూతురే గదా, నువ్వు చెప్పు."

ఎలీసమ్మ చిన్నాన్న మొహంలోకి చూసింది. ఇంత జనంలో, పట్నం మేడం ముందు, ఒక్క మాట. ఆ పొద్దున బుడాన్ వచ్చి నా అరుగు కింద నిలబడ్డాడని. అంతే చాలు.

"బిడ్డ పోయిన మాట నిజమే" అన్నాడు క్రీస్తుదాసు. "యాడ పెట్టుకున్నారో నాకు తెలవదు."

"మీ సమాధుల్లో పెట్టలేదాండీ?" అంది జయకుమారి.

"మేం రమ్మన్నామమ్మా. వాళ్ళే ఏటికి తీసకపోయారు."

ఎలీసమ్మ గరిటె కింద పడలేదు. గట్టిగా పట్టుకునే ఉంది.

జయకుమారి మంచి ఆలోచనే చెప్పింది. మంచివాళ్ళు చెప్పే ఆలోచనలు అలాగే ఉంటాయి, ఎవరికీ నొప్పి లేకుండా. జాగ్రత్తగా తవ్వుదాం, ఏమైనా కనబడితే గౌరవంగా తీసుకెళ్ళి సమాధుల తోటలో పెడదాం అంది. "దానికేం, మా దొడ్లో చోటిస్తాం" అన్నాడు క్రీస్తుదాసు అందరూ వినేలా. పదకొండేళ్ళ కింద మూరెడు లేని చోటు అప్పుడు పుట్టింది.

గుడ్డ విప్పి మడిచి ఎలీసమ్మ చేతిలో పెట్టారు. పొక్లెయిన్ తొండం చెట్టు మొదట్లో దిగింది. మాను ఊగి, పక్కకు ఒరిగి, వేళ్ళు తెగుతున్న చప్పుడుతో పడిపోయింది. పిల్లలు గోతిలోకి దిగి చేతులతో మట్టి జల్లించారు. కంచం కడుక్కునే అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూనే జల్లించింది. నడుము లోతు పోయారు. ఇసుక, గులకరాళ్ళు, వేళ్ళు. ఎముక ముక్క లేదు. దుప్పటి పోగు లేదు. ఏమీ లేదు.

"పదకొండేళ్ళయింది, పసిబిడ్డ, పైగా తడి ఇసుక. ఉండకపోవచ్చు కూడా" అంది జయకుమారి. అది ఎవరికీ వినపడలేదు. అంకయ్య నవ్వుతున్నాడు. "సాయిబు నిన్ను కూడా నమ్మించాడే పిచ్చిదానా. ఏట్లో పారేసొచ్చి ఉంటాడు."

ఎలీసమ్మ గోతిలోకి దిగింది. గుప్పెడు మట్టి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కింద పారేసి, ఇంకో గుప్పెడు తీసుకుంది. తర్వాత చీర దులుపుకుని పైకొచ్చి, స్కూలుకు నడిచింది. అందరికీ వడ్డించింది. క్రీస్తుదాసు ఆకులో కూడా వేసింది. ఆయన మజ్జిగ దాకా తిన్నాడు.

మర్నాడు బస్సులు వెళ్ళిపోయాయి. పోతూ పోతూ, పడిన చెట్టును బొగ్గులకు వాడుకోమని ఎలీసమ్మకు ఇచ్చేశారు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. అంకయ్య పాలేళ్ళు కోసుకుపోయారు. నాటిన వేప మొక్కలూ కానుగ మొక్కలూ ఎండాకాలం దాకా కూడా ఆగలేదు. నీళ్ళు పోసేవాడెవడు? సెలవులు అయిపోయాయి గదా.

బొగ్గుల పని పోయింది. ఎలీసమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోసాగింది. మిరప ఘాటు నోట్లోకి పోయి దగ్గు, చేతులు మంటలు. ఆ మంటల మీద ఆమెకు కోపం లేదు. ఆమెను తినేసింది వేరే. బుడాన్ ఆ చెట్టును ఎందుకు వదిలాడు? బిడ్డ కోసమా, నీడకా? చెట్టు కింద తను తిన్న మధ్యాహ్నాలన్నీ, పక్కన అతను మాట్లాడకుండా కూర్చున్నవన్నీ, ఉత్తినే కూర్చోవడమేనా? చెట్టు ఉన్నంతకాలం ఆ ప్రశ్న పుట్టలేదు. బిడ్డను పోగొట్టుకోవడం ఒకసారి జరిగింది. ఎక్కడున్నాడన్నది పోగొట్టుకోవడం మాత్రం ప్రతి పొద్దునా జరుగుతూ వచ్చింది. అడుగుదామంటే చెప్పాల్సినవాడు తను అడుగు పెట్టకూడని గోడ లోపల ఉన్నాడు.

ఒడ్డు కళ్ళాలైంది. ఎగువది అంకయ్యకు, దిగువది ఇంకొకరికి. రేవు దగ్గరి ముక్క, చెట్టున్న చోటుతో సహా, క్రీస్తుదాసు కొడుకుల వాటాకు వచ్చింది. కమిటీలో పనిచేసినందుకు ఎవరూ కాదనలేదు.

రెండువేల ఆరు మాఘమాసంలో, ఎలీసమ్మ తొడిమల పని నుంచి ఏటి దారిన వస్తోంది. ఒడ్డు పొడుగునా మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. క్రీస్తుదాసు చేతికర్ర ఆనుకుని కాయను కాళ్ళతో తిరగేస్తున్నాడు. అప్పటికే పక్షవాతం ఒకసారి వచ్చి పోయింది. తర్వాతి వానలకు ఆయన లేడు కాబట్టి, ఆ ఇద్దరూ ఎదురుపడింది అదే ఆఖరిసారి.

"ఎలీసా, ఇట్టా రావే" అని పిలిచాడు.

ఆమె వచ్చి కళ్ళం అంచున నిలబడింది.

"ఎన్నాళ్ళు బతుకుతామో తెలవదు. దొడ్లో మా అన్న పక్కన చోటుంది. అది నీకని సంఘంలో చెప్పా. నిన్ను ఎవరూ ఏమీ అనరు." ఆయన ఊపిరి తీసుకుని ఆగాడు. "ఆ పిల్లోడికి కూడా ఒక సిలువ పాతిద్దాం. ఒట్టి సిలువే అనుకో. ఏం పేరు వాడిది?"

"పేరు పెట్టేదాకా ఉన్నాడా?"

"ఏదో ఒకటి చెప్పవే. రాయిద్దాం."

ఎలీసమ్మ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, కాయ తొక్కకుండా కళ్ళం పక్కకు జరిగింది. ఏటి ఒడ్డును ఆ కొస నుంచి ఈ కొస దాకా చూసింది. తర్వాత ఆయన కాళ్ళ వైపు చూసింది.

"సిలువొద్దు చిన్నాన్నా. మొన్నటిదాకా వాడిది ఒక్క చెట్టు. ఇప్పుడు ఒడ్డంతా వాడిదే. కాలు చూసి పెట్టు."